పాత కాలిపర్లు విప్పి కట్టడం: పెద్ద బ్రేకులకు మారేవాళ్ల కోసం

కారుకు పెద్ద బ్రేకులు పెట్టడానికి తక్కువ ఖర్చు దారి ఒకటుంది. అదే కంపెనీ బరువైన మోడల్ నుంచో, ఎక్కువ పవర్ ఉన్న వెర్షన్ నుంచో ఊడదీసిన కాలిపర్లు (డిస్కుని ప్యాడ్లతో రెండువైపులా నొక్కే బ్రేకు భాగాలు) తెచ్చుకుని, లోపలి సరుకు మార్చి కట్టుకోవడం. కాలిపర్ బాడీ అంటే పోత ఇనుమో, అల్యూమినియమో. దానికి అంత త్వరగా ఏమీ కాదు. పాడయ్యేవి వేరే: రబ్బరు సీళ్లు, డస్ట్ బూట్లు (దుమ్ము, నీరు పోకుండా పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు తొడుగులు), పిస్టన్ (ఆయిల్ ఒత్తిడికి ప్యాడ్‌ని నొక్కే భాగం) మీది పూత, స్లైడ్ పిన్నులు (బాడీ జరగడానికి ఆధారమైన కడ్డీలు), బ్లీడర్లు (ఆయిల్లో చిక్కిన గాలిని బయటికి వదిలే మరలు). ఇవన్నీ విడిగా దొరుకుతాయి.

చిక్కు ఎక్కడంటే, రీబిల్డ్ పేరుతో జరిగే పని చాలాసార్లు కంటికి కనిపించే చోటే ఆగిపోతుంది. బాడీ తళతళలాడుతుంది, పైన ఎర్రరంగు పడుతుంది, లోపల సీలు కూర్చునే గాడిలో మాత్రం పాత తుప్పు అలాగే ఉంటుంది. కొన్నాళ్లకే పిస్టన్ మళ్లీ పట్టేస్తుంది. కాలిపర్ ప్రాణం ఆ గాడిలోనూ, పిస్టన్ పైచర్మంలోనూ ఉంది. మీ సమయంలో పెద్ద వాటా వాటికే ఇవ్వండి.

కొనకముందు లెక్క

నాలుగు పిస్టన్లంటే నాలుగింతల బ్రేకు అనుకునేవాళ్లు ఉన్నారు. లెక్క అలా ఉండదు. ఫ్లోటింగ్ కాలిపర్లో పిస్టన్ ఒకవైపే ఉంటుంది, దాని ప్రతిచర్యతో బాడీ జరిగి రెండోవైపు ప్యాడ్‌ని నొక్కుతుంది. ఫిక్స్‌డ్ కాలిపర్లో రెండువైపులా పిస్టన్లు ఉంటాయి. కాబట్టి రెండిటినీ పోల్చేటప్పుడు ఫిక్స్‌డ్ దానిలో ఒకవైపు పిస్టన్లనే లెక్కపెట్టాలి.

54 మిల్లీమీటర్ల సింగిల్ పిస్టన్ వైశాల్యం సుమారు 2290 చదరపు మిల్లీమీటర్లు. ఒకవైపు 40, 36 మిల్లీమీటర్ల పిస్టన్లున్న నాలుగు పిస్టన్ల కాలిపర్‌కి 1257, 1018 కలిపితే 2275. అంటే నొక్కే బలం దాదాపు అంతే, పెడల్ కూడా అలాగే ఉంటుంది. అదే 45 మిల్లీమీటర్ల పిస్టన్లు రెండు పక్కపక్కన ఉన్న ఫ్లోటింగ్ కాలిపర్ తెస్తే వైశాల్యం 3181, సుమారు 39 శాతం ఎక్కువ. బలం అంతా పెరుగుతుంది, కానీ పిస్టన్‌ని అంతే దూరం జరపడానికి ఆయిల్ కూడా 39 శాతం ఎక్కువ కావాలి. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే పంపు) పాతదే ఉంచితే పెడల్ కిందికి దిగిపోతుంది.

డిస్కు లెక్క కూడా దీనికి కలపాలి. 280 మిల్లీమీటర్ల డిస్కు నుంచి 312కి వెళ్తే ప్యాడ్ మధ్యభాగం హబ్ కేంద్రం నుంచి ఉండే దూరం సుమారు 117 నుంచి 131కి పెరుగుతుంది, అంటే దగ్గరదగ్గర 12 శాతం. పైన చెప్పిన రెండు 45ల కాలిపర్‌తో కలిపి చూస్తే ముందు బ్రేకు 55 శాతం దాకా పెరిగింది. వెనకది పెరగలేదు. ఇక తడి రోడ్డు మీద ముందు చక్రాలు ముందుగానే లాక్ అవుతాయి, లేదా ఏబీఎస్ అస్తమానం పనిచేస్తుంది. బండిని ఆపేది చివరికి టైరు పట్టు. పెద్ద బ్రేకుల అసలు లాభం వేడిని తట్టుకోవడం: పదేపదే గట్టిగా తొక్కినా ఫేడ్ కాకపోవడం, అంటే వేడికి పట్టు తగ్గకపోవడం. అందుకే పిస్టన్ వైశాల్యం పాతదానికి దగ్గరగా, డిస్కు మాత్రం పెద్దదిగా, మందంగా ఉండే జతే మంచి ఎంపిక.

రెండో లెక్క వీల్ లోపలి జాగా. కాలిపర్ చేతికి రాకముందే దాని కొలతలతో అట్టముక్క కత్తిరించి, చక్రం లోపల పెట్టి తిప్పి చూడండి. స్పోకుల వెనక వైపూ, రిమ్ము లోపలి గోడ వైపూ కనీసం 3 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. బ్యాలెన్సింగ్‌కి లోపల అతికించే బరువుల సంగతి అందరూ మర్చిపోతారు, తీరా మొదటి రోజే టకటక శబ్దంతో అవి గుర్తు చేస్తాయి.

పాతవి ఎంచుకోవడం

చేతిలోకి తీసుకోగానే మొదట బ్లీడర్ చూడండి. అది విరిగిపోయి ఉన్నా, తల గుండ్రంగా అరిగిపోయి ఉన్నా బేరం మారాలి. తర్వాత బాంజో బోల్టు (ఆయిల్ హోస్‌ని కాలిపర్‌కి కలిపే బోలు బోల్టు) వచ్చే ముఖం మీద లోతైన గీతలున్నాయా, బ్రాకెట్ చెవుల్లో పగుళ్లున్నాయా చూడండి. డస్ట్ బూట్ చిరిగి ఉంటే లోపల పిస్టన్ తుప్పు పట్టిందనే అనుకోవాలి. బూట్ బిస్కెట్‌లా పొడిపొడిగా రాలుతూ, బాడీ రంగు గోధుమవర్ణానికి తిరిగి ఉంటే అది బాగా కాలిన కాలిపర్.

పాత ప్యాడ్లు లోపలే ఉంటే అవే చాలా చెబుతాయి. ప్యాడ్ ఏటవాలుగా, చీలమేకులా అరిగిందంటే ఒక స్లైడ్ పిన్ పట్టేసింది. ఫ్లోటింగ్ కాలిపర్లో పిస్టన్ వైపు ప్యాడ్ పలచబడి, బయటిది మందంగా మిగిలితే బాడీ జరగడం లేదు.

కుడి ఎడమలు తప్పకుండా చూసుకోండి. కారుకు కట్టినప్పుడు బ్లీడర్ పైకి రావాలి. కిందికి వస్తే మీ దగ్గరున్నది రెండోవైపుది. గాలి పైన చిక్కుకుని ఎన్నిసార్లు బ్లీడ్ చేసినా పెడల్ మెత్తగానే ఉంటుంది. వేర్వేరు సైజుల పిస్టన్లున్న ఫిక్స్‌డ్ కాలిపర్లో ఇంకో గుర్తు: డిస్కు ముందుగా చిన్న పిస్టన్ దగ్గరికి వచ్చి, తర్వాత పెద్దదాని దగ్గరికి వెళ్లాలి. తిరగేసి కడితే ప్యాడ్ ముందు అంచు వేగంగా అరిగిపోతుంది.

హ్యాండ్‌బ్రేక్ లోపలే ఉన్న వెనక కాలిపర్లు మొదటిసారి చేసేవాళ్లకు తగవు. వాటిలో మర కడ్డీ, స్ప్రింగులు, సర్దుబాటు యంత్రాంగం ఉంటాయి. పిస్టన్‌ని తిప్పుతూ లోపలికి పంపాలి. క్లాంపుతో నొక్కితే లోపలి మర దెబ్బతింటుంది.

సరుకు

రెండు ముందు కాలిపర్లకు ఇవి దగ్గర పెట్టుకోండి: సీల్ కిట్లు రెండు (పిస్టన్ వ్యాసం కొలిచాకే కొనండి, ఒకే మోడల్లో రెండు సైజులు వచ్చిన సందర్భాలున్నాయి), కొత్త బ్లీడర్లు, స్లైడ్ పిన్ బూట్లు నాలుగు, బాంజోకి కొత్త రాగి వాషర్లు నాలుగు, ప్యాడ్ క్లిప్పులు. సీళ్ల కోసం ఎర్ర రబ్బర్ గ్రీజు, పిన్నుల కోసం సిలికాన్ గ్రీజు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక లీటరు, కొత్త డాట్ 4 బ్రేక్ ఆయిల్ ఒక లీటరు. 1000, 2000 నంబరు వాటర్ పేపర్, ఇత్తడి బ్రష్, వెదురు పుల్లలు.

మామూలు గ్రీజు, ఇంజిన్ ఆయిల్, పెట్రోలు, డీజిలు, కిరోసిన్ వీటి దరిదాపుల్లోకి రాకూడదు. బ్రేకు సీళ్లు ఈపీడీఎం రబ్బరుతో చేసినవి. ఖనిజ నూనె తగిలితే ఆ రబ్బరు ఉబ్బుతుంది. నమ్మకం కలగకపోతే పాత సీలు ఒకదాన్ని ఇంజిన్ ఆయిల్లో కొన్ని రోజులు నానబెట్టి, జతలో రెండోదాని పక్కన పెట్టి చూడండి. ఉబ్బినది గాడిలో పట్టదు, పిస్టన్‌ని వదలదు.

పిస్టన్ బయటికి తీయడం

ఈ పనికి అన్నిటికంటే మేలైన పంపు బ్రేక్ పెడలే. కాలిపర్ ఇంకా పాత కారు మీదే ఉంటే, హోస్ విప్పకముందే ప్యాడ్లు తీసి, పిస్టన్ ఎదురుగా చెక్కముక్క పెట్టి, పెడల్ నెమ్మదిగా తొక్కి దాదాపు బయటిదాకా తెచ్చేయండి. బ్లీడర్ కూడా కాలిపర్ కారు మీద ఉండగానే వదులు చేయడం మంచిది.

విడి కాలిపర్ అయితే చాలామంది గాలి వాడతారు. 6 బార్ గాలి 54 మిల్లీమీటర్ల పిస్టన్ మీద సుమారు 140 కిలోల బలంతో తోస్తుంది. పట్టేసిన పిస్టన్ అంతసేపూ కదలకుండా ఉండి ఒక్కసారిగా తుపాకి గుండులా వస్తుంది. మధ్యలో వేళ్లుంటే నలిగిపోతాయి. గాలే వాడాలంటే 1 బార్ దగ్గర మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచండి, పిస్టన్ ఎదురుగా చెక్క దుంగ, పైన మందపాటి గుడ్డ వేయండి, చేతులు వెనక ఉంచండి.

దీనికంటే భద్రమైనది గ్రీజు గన్. చాలా కాలిపర్లలో బ్లీడర్ రంధ్రం గానీ హోస్ రంధ్రం గానీ ఎం10 × 1 మర (10 మిల్లీమీటర్ల వ్యాసం, చుట్ల మధ్య 1 మిల్లీమీటరు). అదే మర ఉన్న గ్రీజు నిపుల్ దొరుకుతుంది. రెండో రంధ్రం బోల్టుతో, వాషర్‌తో మూసి గ్రీజు ఎక్కించండి. గాలి నొక్కుకుపోయి బలాన్ని దాచుకుంటుంది, గ్రీజు అలా దాచుకోదు. అందుకని ఎంత మొండి పిస్టనైనా ఎగరకుండా మెల్లగా పాకుతూ బయటికి వస్తుంది. పాత సీళ్లు ఎలాగూ చెత్తబుట్టకే. అయితే లోపలి దారుల్లో ఒక్క చుక్క గ్రీజు కూడా మిగలకుండా ఆల్కహాల్‌తో రెండు మూడు విడతలు కడగాలి. ఆ ఓపిక లేకపోతే ఈ పద్ధతి జోలికి వెళ్లొద్దు.

రెండు, నాలుగు పిస్టన్లున్నవాటిలో వదులుగా ఉన్నది ముందు వచ్చేస్తుంది. అది పూర్తిగా బయటపడిందంటే ఒత్తిడి అంతా అక్కడి నుంచే పోయి, మిగతావి కదలవు. కాబట్టి ముందుకొచ్చినదాన్ని క్లాంపుతో ఆపి, వెనకబడ్డవాటిని రానివ్వండి. అన్నీ ఒకే ఎత్తుకు వచ్చాక చేత్తో తీయవచ్చు. పిస్టన్ బయటి గోడ మీద ప్లయర్ పెట్టారా, ఆ పిస్టన్ పని అయిపోయినట్టే. లోపలి గుంటలోంచి వెడల్పుగా తెరుచుకుని పట్టే పిస్టన్ ప్లయర్ వేరే ఉంటుంది.

ఫిక్స్‌డ్ కాలిపర్ రెండు సగాలను కలిపే పెద్ద బోల్టులు విప్పాలనే కోరిక పుడుతుంది. మధ్యలో ఆయిల్ దారికి చిన్న ఓ-రింగులు ఉంటాయి, మామూలు సీల్ కిట్లో అవి చాలాసార్లు రావు. ఆ రింగులూ, ఆ బోల్టుల టార్క్ అంకే రెండూ చేతిలో ఉంటే తప్ప సగాలు విడదీయకండి. విడదీయకుండానే పిస్టన్లు బయటికి వస్తాయి.

విరిగేలా ఉన్న బ్లీడర్‌కి ఆరు పలకల సాకెట్ వాడండి, పన్నెండు పలకలది తల గుండ్రం చేస్తుంది. పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి రాత్రంతా వదిలేయండి. రబ్బరు అంతా తీసేశాక, బ్లీడర్ చుట్టూ ఉన్న బాడీని టార్చ్‌తో వేడి చేసి, తల మీద సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేసి, ముందు కాస్త బిగించే వైపు కదిపి, తర్వాత విప్పండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో కడిగిన భాగాన్ని మాత్రం టార్చ్ దగ్గరికి తేకూడదు. ఆ ఆవిరి మంటకు తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. పాత ప్యాడ్ల ధూళిని కూడా గాలితో ఊదకండి, తడిపి తుడవండి. పాత కార్ల ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది.

గాడి

పిస్టన్ బయటికి వచ్చాక బోరు (పిస్టన్ కూర్చునే గుండ్రటి రంధ్రం) లోపల రెండు గాడులు కనిపిస్తాయి. లోపలిది నలుచదరపు కోత ఉన్న ప్రెజర్ సీలుకి, బయటిది డస్ట్ బూట్‌కి. కొన్నిటిలో బూట్ ఇనుప రింగుతో పైన కూర్చుంటుంది.

ఆ నలుచదరపు సీలు ఆయిల్ కారకుండా ఆపడమే కాదు, పిస్టన్‌ని వెనక్కి లాగేది కూడా అదే. పెడల్ తొక్కినప్పుడు పిస్టన్ ముందుకు జరుగుతూ సీలు లోపలి అంచుని కొద్దిగా మెలితిప్పుతుంది. కాలు తీయగానే రబ్బరు తన ఆకారానికి తిరిగి వస్తూ పిస్టన్‌ని ఒక మిల్లీమీటరులో చిన్న భాగం వెనక్కి తెస్తుంది. కాలిపర్లో పిస్టన్‌ని లాగే స్ప్రింగు వేరే లేదు. ప్యాడ్ డిస్కుని వదలాలంటే ఈ చిన్న మెలికే ఆధారం.

ఇప్పుడు ఆ గాడి అడుగున తుప్పు పొర ఉందనుకోండి. ఇనుము తుప్పుగా మారితే ముందుకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. గాడి లోతు తగ్గిపోతుంది, సీలు పిస్టన్ మీదికి నెట్టబడుతుంది. పట్టు ఎక్కువై మెలిక తిరగదు, పిస్టన్ వెనక్కి రాదు. బ్రేకు రాసుకుంటూ చక్రం వేడెక్కుతుంది. కొత్త సీలు వేసినా పిస్టన్ బిగుతుగా ఉందంటే తొంభై పాళ్లు కారణం ఇదే. అల్యూమినియం కాలిపర్లో తుప్పు బదులు తెల్లటి గట్టి పొడి పేరుకుంటుంది, అది చేసే పనీ ఇదే. డస్ట్ బూట్ గాడిలో పేరుకున్నది బూట్‌ని పైకి లేపి నీటికి దారి ఇస్తుంది.

శుభ్రం చేసే పద్ధతి: గాడిలోకి వేలి గోరు పోనిచ్చి చుట్టూ తిప్పండి. నున్నగా జారాలి. ఎక్కడ గరగరలాడితే అక్కడ పని ఉంది. వెదురు పుల్ల కొనను ఉలిలా చెక్కి, ఆల్కహాల్‌లో ముంచి గీకండి. చాలకపోతే ఇత్తడి తీగ చివరను చదునుగా కొట్టి వాడండి. అడుగూ, రెండు పక్కగోడలూ, మూలలూ అన్నీ. ఉక్కు సూదులు, స్క్రూడ్రైవర్లు వద్దు; గాడి అంచు మీద ఒక గీత పడితే అది కొత్త సీలుని కోసేస్తుంది. ఒక్కో గాడికి అరగంట పట్టినా ఆశ్చర్యం లేదు, పట్టకపోతేనే అనుమానించండి.

ఇనుప బాడీకి తుప్పు బాగా ఉంటే లీటరు గోరువెచ్చని నీటికి 50 గ్రాముల సిట్రిక్ యాసిడ్ కలిపి నానబెట్టండి. కొన్ని గంటలకోసారి తీసి బ్రష్ చేసి చూస్తూ ఉండండి. తుప్పుతో పాటు జింకు పూత కూడా పోతుంది, అందుకని తర్వాత రంగు తప్పనిసరి. బయటికి తీశాక వంటసోడా నీళ్లలో, ఆపైన వేడి నీళ్లలో కడిగి వెంటనే ఆరబెట్టండి. ఆలస్యమైతే పలచటి నారింజ తుప్పు కళ్లముందే పడుతుంది. బోరు లోపల బ్రేక్ ఆయిల్ పూసి ఉంచండి. అల్యూమినియానికి ఈ యాసిడ్ గానీ, కాస్టిక్ సోడా గానీ వద్దు. వేడి సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు.

ఇక బోరు గోడ సంగతి. దాని మీద చిన్న గీతలు, మచ్చలు చూసి భయపడేవాళ్లున్నారు. సీలు గాడిలో కదలకుండా ఉండి పిస్టన్ దాని మీద జారే కాలిపర్లలో, అంటే ఈనాటి కార్లలో దాదాపు అన్నిటిలో, బోరు గోడ ఆయిల్‌ని ఆపే ముఖం కాదు. పిస్టన్ తగలకుండా నున్నగా ఉంటే చాలు. సీలు పిస్టన్ మీదే ఉండి బోరులో జారే రకం పాతవి కొన్ని ఉన్నాయి. 1965 నుంచి 1982 దాకా వచ్చిన షెవర్లే కార్వెట్‌వి అలాంటివే. వాటిలో బోరు గోడే ముఖ్యం, అందుకే వాటికి స్టెయిన్‌లెస్ స్లీవ్ వేయించే అలవాటు వచ్చింది.

పిస్టన్

ఆయిల్‌ని ఆపే ముఖం పిస్టన్ బయటి గోడ. దాన్ని కిటికీ వెలుగులో నెమ్మదిగా తిప్పుతూ చూడండి. క్రోము పూత మీద నల్లటి చుక్కలు కనిపిస్తే గోరు అడ్డంగా లాగండి. గోరు తట్టుకుందంటే అది గుంట, ఆ పిస్టన్ మార్చాలి.

గుంటలు ఎక్కువగా పిస్టన్ బయటి చివరే, బూట్ కింద పడతాయి. ప్యాడ్లు అరిగి పలచబడినప్పుడు పిస్టన్ బాగా బయటికి వచ్చి ఉంటుంది కాబట్టి ఆ భాగం సీలుకి దూరంగా ఉండి ఏ ఇబ్బందీ పెట్టదు. కొత్త మందపాటి ప్యాడ్లు వేసి పిస్టన్‌ని లోపలికి నొక్కగానే ఆ గుంటల భాగం సరిగ్గా సీలు కిందికి వస్తుంది. నిన్నటిదాకా బాగున్న కాలిపర్ ప్యాడ్లు మార్చిన వారానికే కారడం, పట్టేయడం మొదలవుతుంది. తప్పు ప్యాడ్లదని అందరూ అనుకుంటారు.

మచ్చ మాత్రమే ఉండి గోరుకు తగలకపోతే 2000 నంబరు వాటర్ పేపర్‌తో, తడిపి, పిస్టన్ చుట్టూ తిరిగే దిశలో తేలిగ్గా రుద్దండి. నిలువుగా రుద్దితే ప్రతి గీతా ఆయిల్‌కి ఒక కాలువ. క్రోము దాటి ఇనుము కనిపిస్తే అక్కడితో ఆపి కొత్తది తెచ్చుకోండి. అనొడైజ్ చేసిన అల్యూమినియం పిస్టన్‌ని సీలు తగిలే చోట అసలు రుద్దకూడదు, ఆ పూత పలచనిది. ఫినాలిక్ (గట్టి ప్లాస్టిక్) పిస్టన్లు తుప్పు పట్టవు, కానీ అంచులు పెచ్చులూడతాయి, పగుళ్లు వస్తాయి. పగులుంటే మార్చడమే.

రంగు

వేడికి తట్టుకునే కాలిపర్ పెయింట్ సరిపోతుంది. రంగు తగలకూడని చోట్లు: బోరు, గాడులు, స్లైడ్ పిన్ రంధ్రాలు, ప్యాడ్ చెవులు జారే ముఖాలు, బాంజో ముఖం, బ్లీడర్ సీటు, కారుకు బిగించే ముఖాలు. చివరిది చాలామంది వదిలేస్తారు. బోల్టు కింద రంగు పొర మందంగా ఉంటే వేడికి అది మెత్తబడి నలుగుతుంది, బోల్టు బిగువు తగ్గుతుంది. పౌడర్ కోటింగ్ అయితే ఈ చోట్లన్నీ ముందే మూయాలి. శాండ్ బ్లాస్టింగ్ చేయించేటప్పుడూ అంతే. ఇసుక గింజ ఒకటి లోపలి ఆయిల్ దారిలో మిగిలినా సీలు గతి అంతే.

కట్టడం

చేతులు, బల్ల, గుడ్డ అన్నీ శుభ్రం చేసుకోండి. నూలు రాలే గుడ్డ వద్దు. సీలుకి ఎర్ర రబ్బర్ గ్రీజు పలచగా పూయండి, లేదా కొత్త బ్రేక్ ఆయిల్లో తడపండి. వేళ్లతోనే గాడిలో పెట్టి, చుట్టూ ఒకసారి వేలు తిప్పండి. ఎక్కడైనా మెలిక పడితే గడ్డలా తెలుస్తుంది. తీసి మళ్లీ పెట్టండి.

బూట్ విషయంలో మూడు రకాలున్నాయి. ఇనుప రింగుతో వచ్చేది పిస్టన్ పెట్టాక పైన సమంగా తట్టి కూర్చోబెట్టాలి. పిస్టన్‌కి ముందే తొడిగి, తర్వాత బయటి పెదవిని గాడిలోకి తోసేది ఒకటి. మూడోదాన్ని ముందు కాలిపర్ గాడిలో పెట్టి, దాని నోట్లోంచి పిస్టన్ దూర్చాలి. ఓపికను పరీక్షించేది ఇదే. పిస్టన్‌ని బూట్ నోటికి ఆనించి, హోస్ రంధ్రంలోంచి అతి తక్కువ గాలి ఊదితే బూట్ బుడగలా ఉబ్బి పిస్టన్ చుట్టూ తనే ఎక్కుతుంది.

తర్వాత పిస్టన్‌ని రెండు బొటనవేళ్లతో నిటారుగా నొక్కండి. సీలు దగ్గర ఒక్క క్షణం ఆగి, ఆపైన నిదానంగా, ఒకే బరువుతో దిగాలి. ఒకవైపు ఒరిగి ఆగితే వెనక్కి తీసి మళ్లీ పెట్టండి. నిటారుగా ఉండి కూడా చేతి బలానికి దిగకపోతే క్లాంపు కోసం చూడకండి, గాడిలో ఇంకా ఏదో ఉంది. విప్పి మళ్లీ శుభ్రం చేయండి.

స్లైడ్ పిన్నులు జతలో ఒకేలా కనిపిస్తాయి, ఒకటి మాత్రం కొన్నిసార్లు వేరు. చివర రబ్బరు బుష్ ఉన్నది, లేదా పక్కన చదునుగా కోసినది ఎక్కడ ఉండాలో మాన్యువల్లో ఉంటుంది. విప్పేటప్పుడే ఫొటో తీసుకోండి. అటుఇటు మారిస్తే బాడీ బిగుసుకుపోతుంది. పిన్ రంధ్రం అడుగుదాకా కడిగి, సిలికాన్ గ్రీజు పిన్నుకి పలచగా పూయండి. రంధ్రం నిండా గ్రీజు కుక్కితే పిన్ను లోపలికి తోసినప్పుడు గ్రీజూ గాలీ నొక్కుకుని, వదలగానే వెనక్కి తంతుంది. బాగా కూర్చున్న పిన్ను తోసిన చోటే ఆగుతుంది.

కారుకి బిగించడం

అసలు టార్క్ అంకెలు మీ కాలిపర్ వచ్చిన కారు మాన్యువల్లో చూసుకోండి. అంచనాకి చెప్పాలంటే బ్లీడర్ 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల, బాంజో బోల్టు 25 నుంచి 35. బ్రాకెట్ బోల్టులకి చాలా కార్లలో 80 నుంచి 120 మధ్య ఉంటుంది. బ్లీడర్ లోపల బోలు, కొన శంకువులా ఉంటుంది. గట్టిగా బిగిస్తే ఆయిల్ బాగా ఆగుతుందనుకుని విరగ్గొట్టేవాళ్లకు లెక్కలేదు.

వేరే కారు కాలిపర్ కాబట్టి హోస్ మర సరిచూడండి. ఎం10 × 1, ఎం10 × 1.25 రెండూ వాడకంలో ఉన్నాయి. ఒకటి రెండోదాంట్లో ఒకటి రెండు చుట్లు ఎక్కి పట్టినట్టే అనిపించి, తర్వాత మర కొట్టుకుపోతుంది. చేత్తో చివరిదాకా ఎక్కని బోల్టుకి పాన పెట్టొద్దు. రాగి వాషర్లు బాంజోకి అటొకటి ఇటొకటి, కొత్తవే. బిగించాక స్టీరింగ్ రెండు చివరలకీ తిప్పి, చక్రం పూర్తిగా వేలాడినప్పుడు కూడా హోస్ లాగబడకుండా, దేనికీ రాసుకోకుండా ఉందో లేదో చూడండి.

డిస్కు కాలిపర్ మధ్యలో రావాలి. ఫిక్స్‌డ్ కాలిపర్ అయితే రెండువైపులా ఖాళీ కొలిచి, తేడా ఉంటే షిమ్ములతో (పలచటి లోహపు రేకులతో) సరిచేయండి. ప్యాడ్ పైఅంచు డిస్కు అంచు దాటి బయటికి వేలాడకూడదు. దాటితే ఆ ముక్క అరగకుండా గట్టులా మిగిలి, చివరికి రెండు ప్యాడ్ల గట్లు ఒకదానికొకటి ఆనుకుంటాయి. డిస్కు అటూఇటూ ఊగడం డయల్ గేజ్‌తో 0.05 మిల్లీమీటర్ల లోపు ఉంటే బాగు. ఎక్కువగా ఉంటే డిస్కుని నిందించే ముందు హబ్ ముఖం మీది తుప్పు తీయండి.

బ్లీడింగులో ఒక జాగ్రత్త. పాత మాస్టర్ సిలిండర్ ఉంటే పెడల్‌ని నేల దాకా తొక్కకండి. రోజూ వాడని చివరి భాగంలో తుప్పు, మడ్డి ఉంటాయి, సీళ్లు అక్కడికి వెళ్తే చిరుగుతాయి. పెడల్ కింద చెక్కముక్క పెట్టండి. మామూలుగా మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు, కానీ మాన్యువల్ వేరే వరుస చెబితే అదే పాటించండి. ఏబీఎస్ యూనిట్లోకి గాలి వెళ్తే దాని వాల్వులను స్కాన్ టూల్‌తో తెరిపించాల్సి రావచ్చు. డాట్ 4 తాజాగా ఉన్నప్పుడు మరిగే స్థానం కనీసం 230 డిగ్రీలు, తేమ పీల్చుకున్నాక 155కి పడిపోవచ్చు. సగం వాడి మూలన పెట్టిన డబ్బా ఈ పనికి తేవద్దు. డాట్ 5 పేరు చూసి మోసపోకండి, అది సిలికాన్ ఆయిల్, డాట్ 4తో కలవదు. డాట్ 5.1 కలుస్తుంది. ఏ ఆయిలైనా రంగు మీద పడితే వెంటనే నీళ్లు పోయండి.

గాలి పోయాక పెడల్‌ని గట్టిగా తొక్కి రెండు నిమిషాలు అలాగే పట్టి ఉంచండి. పెడల్ దిగకూడదు, బాంజో, బ్లీడర్, బూట్ అంచు దగ్గర తడి కనిపించకూడదు. కాలు తీసి చక్రం చేత్తో తిప్పండి. ప్యాడ్ తేలిగ్గా రాసుకున్న శబ్దం మామూలే, చక్రం బరువుగా తిరిగితే కాదు.

చక్రం బిగించకముందు అట్టతో కొలిచిన ఖాళీని అసలు కాలిపర్ మీద మళ్లీ చూసి, బండి ఇంకా జాకీ మీద ఉండగానే చక్రం ఒక పూర్తి చుట్టు తిప్పండి. కదలకముందు పెడల్ నాలుగైదుసార్లు తొక్కి గట్టిపడిందో లేదో చూసుకోండి. మొదటి వంద మీటర్లు నడక వేగమే.

ప్యాడ్లు కూర్చోవడానికి ప్యాడ్ తయారీదారు చెప్పిన పద్ధతి ఉంటే అదే చేయండి. లేకపోతే ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10 కిలోమీటర్ల వేగానికి మధ్యస్థంగా తొక్కుతూ ఎనిమిది పదిసార్లు, మధ్యలో చల్లారనిస్తూ. చివర్లో పూర్తిగా ఆగి పెడల్ మీద కాలు పెట్టి ఉంచకండి, వేడి ప్యాడ్ ముద్ర డిస్కు మీద పడి తర్వాత పెడల్ కొట్టుకుంటుంది. బండి నడుపుతూనే చల్లారనివ్వండి. ఇంటికి వచ్చాక రెండు ముందు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒకటి రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే ఆ వైపు పిస్టన్ గానీ పిన్ను గానీ వదలడం లేదు. వంద కిలోమీటర్లు తిరిగాక బ్రాకెట్ బోల్టులకి టార్క్ పాన మరోసారి పెట్టి, బూట్ అంచు గుడ్డతో తుడిచి తడి ఉందేమో చూడండి.